మైకమ్మ గొంతు

మా అత్తగారు ఏ మాటైనా రెండుసార్లు చెబుతారు. చెప్పేవారు అనాలి. అలా అనడానికి నాకింకా నోరు రావడం లేదు.

బస్టాండులో మైకు ముందు కూర్చుని, వచ్చే బస్సులూ పోయే బస్సులూ చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఏ ప్రకటనైనా రెండుసార్లు చదవాలని అక్కడ నియమం. మొదటిసారి చెవిన పడుతుంది, రెండోసారి బుర్రకెక్కుతుంది అనేవారావిడ. ఆ నియమం రిటైరయ్యాక మా ఇంటికొచ్చి స్థిరపడింది. "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయి. పాలు పొంగుతున్నాయి." రెండోసారి పూర్తయ్యేలోపు పాలు స్టవ్ మీద పారుతుండేవి. "ఒక్కసారి చెప్పి మీరే కట్టెయ్యొచ్చు కదా అత్తయ్యా" అని నేను కేకేస్తే, "చెప్పడం నా పని, కట్టడం నీ పని" అనేవారు. వీధిలో ఎవరూ ఆవిణ్ణి పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. అందరికీ మైకమ్మే.

ఆవిడ కూర్చున్న గది బీరువా కంటే కాస్త పెద్దది. అందులో ఒకటే టేబుల్ ఫ్యాను. అది ఆవిడ వైపు తిరిగి ఉండేది కాదు, యాంప్లిఫయర్ వైపు ఉండేది. ఆ పెట్టె వేడెక్కితే మాటలు గరగరలాడి, ఆఖరికి నోరు మూసుకునేదట. "నాకు ఉక్కపోస్తే నా ఒక్కదానికే కష్టం, దానికి ఉక్కపోస్తే బస్టాండు మొత్తానికి కష్టం" అని నవ్వేవారు. ఇంకో పట్టుదల కూడా ఉండేది ఆవిడకి. చేతికొచ్చిన చీటీ మార్చి చదివేవారు కాదు. ఒకసారి బస్సు దారిలో పాడైపోతే, "కాసేపట్లో వస్తుందని చెప్పండి, జనం గోల చేస్తారు" అన్నాడట పై అధికారి. "పాడైందని రాసిచ్చారు, పాడైందనే చెబుతాను" అని రెండుసార్లు చెప్పి మరీ వచ్చారు.

నా గొంతూ తక్కువదేం కాదు. నేను బట్టల మిల్లులో, మగ్గాల హాల్లో పనిచేస్తాను. మగ్గాలు ఆడుతుంటే పక్కనే నిలబడి అరిచినా వినబడదు. అందుకని అక్కడ మేమందరం పెదాలు చూసి మాటలు పట్టుకుంటాం. హాలు ఆ చివర నిలబడి నా గురించి ఎవరు ఏమంటున్నారో కూడా నాకు తెలిసిపోతుంది, అదో తలనొప్పి. ఇంటికొచ్చాక కూడా అరిచినట్టే మాట్లాడతాను. మా ఇద్దరి మధ్యా మా ఆయన, నోట్లో నాలుక లేనట్టు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఆయన. ఇంట్లో మేమిద్దరం మొదలుపెట్టామంటే, ఏదో అపార్ట్‌మెంట్లో లిఫ్టు ఆగిపోయిందని ఫోనొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవాడు.

అత్తగారి గొంతు బొంగురుపోతే మొదట జలుబనుకున్నాం. తర్వాత కాదని తేలింది. డాక్టరు గారు కాగితాలు చూసి, "గొంతు పెట్టె మొత్తం తీసెయ్యాలమ్మా. ప్రాణానికి ఢోకా ఉండదు. మాట మాత్రం ఉండదు" అన్నారు. "ఇంకొకసారి చెప్పండి" అన్నారావిడ. డాక్టరు గారు మళ్ళీ చెప్పారు. రెండుసార్లూ ఒకే మాట చెప్పినందుకో ఏమో, ఆవిడ తలూపి లేచారు. బయటికి రాగానే నేను గోడకి ఆనుకుని ఏడ్చాను. "ఇది ఆస్పత్రి, మీ మిల్లు కాదు, మెల్లగా ఏడువు" అన్నారావిడ నాతో.

ఆస్పత్రిలో ఒక చిన్న యంత్రం చూపించారు. మెడకి ఆనించి పెదాలు కదిపితే అది మాట్లాడుతుంది. అత్తగారు దాని గొంతు విని మొహం చిట్లించి, "కరెంటు మిషనుతో గడ్డం గీసుకుంటున్నట్టుంది, నాకొద్దు" అన్నారు. అప్పుడు అక్కడ మాటలు నేర్పే అమ్మాయి ఇంకో దారి చెప్పింది. ఆపరేషన్ లోపు ఆవిడ చేత బోలెడన్ని వాక్యాలు చదివించి రికార్డు చేసుకుంటే, కంప్యూటరు ఆ గొంతు నేర్చుకుంటుందట. ఆ తర్వాత ఫోన్లో ఏం టైపు చేసినా ఆవిడ గొంతుతోనే పలుకుతుందట.

"నా గొంతేనా? నా గొంతేనా?" అన్నారు అత్తగారు.

"నీదేనమ్మా" అన్నాడు మా ఆయన. అంత గట్టిగా ఆయన మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

మా ఇంట్లో ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటరు ఉంది. అందులో ఆ ప్రోగ్రాం గురించి చూస్తే, ఇంత పాత యంత్రం గొంతు నేర్చుకోవడానికి వారాలకి వారాలు పడుతుందని తేలింది. మా ఆయనకి అది మింగుడుపడలేదు. అమ్మ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే రోజుకే గొంతు సిద్ధంగా ఉండాలి, గుమ్మంలో అడుగుపెట్టగానే తనని తిట్టాలి అనేవాడు. కొత్తది కొనే స్తోమత లేదు. వెతగ్గా వెతగ్గా ఓవర్‌క్లాకింగ్ అనే మాట దొరికింది. కంప్యూటర్లో ర్యామ్ అని ఉంటుంది కదా, యంత్రం పని చేస్తూ చేస్తూ లెక్కలన్నీ తాత్కాలికంగా పెట్టుకునే చోటు. దాన్ని కంపెనీ వాళ్ళు చెప్పిన వేగం కంటే ఎక్కువ వేగంతో పరిగెత్తించడమన్నమాట. "ఊరికే వచ్చే వేగమే ఇది" అన్నాడు మా ఆయన, కళ్ళు మెరిపిస్తూ.

"ఊరికే వచ్చేదేదీ మన ఇంటికి రాలేదు ఇంతవరకూ" అన్నాన్నేను.

ఆయనకి ఇది మొదటిసారి. లిఫ్టు మోటారు విప్పినంత భక్తిగా కంప్యూటరు పక్క మూత విప్పాడు. వీడియో ఒకటి చూస్తూ, సెట్టింగుల తెర తెరిచి, ర్యామ్ వేగం ఒక మెట్టు పెంచాడు. కంప్యూటరు మామూలుగానే ఆన్ అయింది. ఇంకో మెట్టు పెంచాడు, అయింది. మూడో మెట్టుకి తెర నల్లగా ఉండిపోయింది. ఆయన మొహం చూడాలి అప్పుడు. లోపలున్న బొత్తాంలాంటి బ్యాటరీ పీకి మళ్ళీ పెడితే పాత సెట్టింగులు తిరిగొస్తాయని ఎవరో చెప్పింది గుర్తొచ్చి, పీకి పెట్టాడు. యంత్రం లేచి కూర్చుంది. మళ్ళీ పెంచుతూ వచ్చి రెండో మెట్టు దగ్గర ఆపాడు. ర్యామ్ తప్పుల్లేకుండా పని చేస్తోందా లేదా అని చూసే పరీక్ష ఒకటుంది, అది పెట్టాడు. మూత తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి, పగలంతా నడిపాడు. ఒక్క తప్పూ రాలేదు. "పాసయ్యింది" అని, పిల్లవాడి మార్కులు చెప్పినట్టు వీధిలో వాళ్ళక్కూడా చెప్పొచ్చాడు.

మర్నాటి నుంచి రికార్డింగు. పొద్దున పూట అత్తగారి గొంతు ఇంకా కాస్త గొంతులా ఉండేది. మైకు ముందు కుర్చీ వేసుకుని, నడుం నిటారుగా పెట్టి కూర్చున్నారు. వేలితో మైకు మీద కొట్టి చూసుకున్నారు. వెంటనే మొహం చిట్లించి ఫ్యాను వైపు చూశారు. ఫ్యాను ఆపించారు. కంప్యూటరు మూత బిగించమన్నారు, లోపలి రొద వస్తోందని. వీధి గోల రాకుండా కిటికీలు మూయించారు. మంచి ఎండల రోజులు. గది కొలిమిలా కాలేది. ఆవిడ జాకెట్టు వీపంతా తడిసిపోయేది. అయినా ప్రతి వాక్యం చదివేవారు, రెండుసార్లు. "ఒకసారి చాలమ్మా" అని మా ఆయన బతిమాలినా వినలేదు.

ఆస్పత్రి వాళ్ళిచ్చిన వాక్యాలు అయిపోయాక సొంతంగా మొదలుపెట్టారు. నన్ను పిలిచే పిలుపులన్నీ, కోపంగా ఒకటి, విసుగ్గా ఒకటి, ఆకలేసినప్పుడు ఒకటి. కొడుకుని చిన్నప్పుడు నిద్రలేపిన మాటలు. ఒకరోజు తలుపు అవతల నిలబడి విన్నాను. "కోడలు మంచిది. గొంతే పెద్దది. కోడలు మంచిది. గొంతే పెద్దది" అని చదువుతున్నారు. నేను లోపలికి వెళ్ళి ఏమీ వినన‌ట్టు మంచినీళ్ళిచ్చాను.

ఆఖరి రోజు చదవడం అవగానే, మా ఆయన ఆ రికార్డులన్నింటినీ కలిపి కంప్యూటర్లోనే ఒక మూటగా కట్టాడు. గొంతు నేర్చుకునే ప్రోగ్రాంకి చాలా చోటు కావాలి, డిస్కు చూస్తే ఇరుకు. చాప చుట్టినట్టు నొక్కి చుడితే చోటు మిగులుతుంది. ఆ పని యంత్రానికి అప్పజెప్పి, తల్లిని పక్క గదిలో పడుకోబెట్టడానికి వెళ్ళాడు. మూత బిగించే ఉంది, ఫ్యాను ఆపే ఉంది, కిటికీలు మూసే ఉన్నాయి. మూట కట్టడం అయిపోయిందని తెర మీద వచ్చింది. జాగ్రత్త కోసం దాని నకలొకటి పెన్ డ్రైవులోకి ఎక్కించాడు. విడివిడిగా ఉన్నవి చెరిపేసి ఆ చోట్లో ప్రోగ్రాం పెట్టాడు. మూట కట్టాడే గానీ విప్పి చూసుకోలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మెడ కింద చిన్న రంధ్రం, దానిలోంచే ఊపిరి. తెలివి రాగానే అత్తగారు పెదాలు కదిపారు. నర్సుకి అర్థం కాలేదు, మా ఆయనకీ కాలేదు. నాకు అయింది. "భోజనం చేశారా" అని అడుగుతున్నారు. మిల్లులో నేర్చుకున్న విద్య ఇందుకు పనికొస్తుందని ఎవరనుకున్నారు? పలక ఇస్తే పక్కకి నెట్టేశారు. ఫోను ఇస్తే, ఇంటికెళ్ళాక అన్నట్టు చెయ్యి తిప్పారు. మెడకి పెట్టుకునే యంత్రం తెచ్చిన నర్సుని చూసి, "నా గొంతు ఇంటి దగ్గరుంది" అన్నారు పెదాలతో. నేను ఆ మాట నర్సుకి చెప్పలేకపోయాను.

ఆపరేషన్ హడావుడి తగ్గాక, మర్నాడు మా ఆయన ఇంట్లో మూట విప్పబోయాడు. తప్పుందంటోంది తెర. మళ్ళీ విప్పాడు, మళ్ళీ అదే. పెన్ డ్రైవులో నకలు తీశాడు, అదీ అంతే. చెడిపోయినదానికి నకలు తీస్తే అదీ చెడిపోయినట్టే వస్తుంది మరి. నేను మిల్లు నుంచి వచ్చేసరికి నేల మీద కూర్చుని ఉన్నాడు. "ఏమైందండీ?" అంటే తెర వైపు చెయ్యి చూపించాడు.

కంప్యూటరు ఎత్తుకుని ఇద్దరం అలాంటివి బాగుచేసే షాపుకి పరిగెత్తాం. షాపాయన చాలాసేపు కూర్చుని చూశాడు. మంచివాడు, ముందు టీ తెప్పించి తర్వాత చెప్పాడు.

"ర్యామ్ వేగం పెంచారా?"

"పెంచాను. పరీక్ష కూడా చేశాను. పగలంతా ఒక్క తప్పు రాలేదండీ."

"ఎలా చేశారు? మూత పెట్టా, తీసా?"

"తీసి. ఫ్యాను ఎదురుగా పెట్టి."

షాపాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే ఆ పరీక్షలో పాసయ్యింది ర్యామ్ కాదండీ, మీ ఫ్యాను. ఆ వేగంలో దానికి చల్లగాలి కావాలి. మూత పెట్టేసి, గాలి లేని గదిలో మూట కట్టమంటే వేడెక్కిపోయి లెక్కలు తారుమారు చేసేసింది. పైకి ఏమీ తెలీదు. ఇలాంటి మూటలో ఒకచోట చెడిందంటే అక్కణ్ణుంచి అంతా పోయినట్టే. విడివిడిగా ఉన్నవాటి మీద ఇంకోటి రాసేశారు కాబట్టి అడుగున కూడా ఏం మిగల్లేదు." కాస్త ఆగి, "మొదట్లో యంత్రం ఇంకా చల్లగా ఉన్నప్పుడు కట్టిన ముక్క ఒకటి వచ్చింది. చిన్నది" అన్నాడు.

ఆ ముక్కని పెన్ డ్రైవులోకి ఎక్కించి వినిపించాడు. విని మా ఆయన రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. షాపు మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని, "ఫ్యాను సంగతి అమ్మకి చెప్పొద్దు. నేనే పాడుచేశానని చెబుతాను. అది నిజమే కదా" అన్నాడు. నాకు ఆయన మీద కోపం ఒళ్ళంతా ఉంది. మగ్గంలో పోగు తెగితే నేత మొత్తం ఆపి చూస్తాం మేం, ఈయన ఒక్కసారి విప్పి చూసుకోలేదే అని అరవాలనుంది. కానీ ఆ మొహం చూసి సరేనన్నాను.

అత్తగారు ఇంటికొచ్చారు. గుమ్మంలో అడుగుపెడుతూనే కొడుకు వైపు చెయ్యి చాపారు, ఇవ్వు అన్నట్టు. "రేపమ్మా, ఇంకా నేర్చుకుంటోంది" అన్నాడు. రేపు వచ్చింది, ఇంకో రేపు వచ్చింది. ఆవిడ రోజూ తల దువ్వుకుని కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చునేవారు, డ్యూటీకి వెళ్ళినట్టు. స్టవ్ మీద పాలు పొంగితే వచ్చి నా భుజం మీద రెండుసార్లు తట్టేవారు. నేను స్టవ్ కట్టి, అటు తిరిగి కళ్ళు తుడుచుకునేదాన్ని. ఆవిడ తిట్లు లేని ఇంట్లో ఇంత దిగులుగా ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఒక మధ్యాహ్నం మా ఆయన ఇక ఆగలేక ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, నీ గొంతు పోయింది. నేనే పాడుచేశాను. తొందరగా అవ్వాలని వేగం పెంచాను, తెలియని పనికి చెయ్యిపెట్టాను. అంతా పోయిందమ్మా. తిట్టు. ఎలాగైనా తిట్టు."

ఆవిడ పెదాలు కదిలాయి.

"ఏమంటోంది?" అన్నాడు నాతో.

"ఏమీ మిగల్లేదా అని అడుగుతున్నారు."

"లేదమ్మా" అన్నాడు. అనేటప్పుడు చెయ్యి తనకి తెలియకుండానే చొక్కా జేబు మీదకెళ్ళింది. అబద్ధం చెప్పడం ఆయనకి చిన్నప్పటి నుంచీ చేతకాదు, ఆ సంగతి ఆవిడకి తెలియనిదీ కాదు. చెయ్యి చాపారు. ఆయన నా వైపు చూశాడు. నేనేం చెయ్యను? జేబులోంచి పెన్ డ్రైవు తీసి కంప్యూటరుకి పెట్టాడు.

టక్, టక్ అని మైకు మీద వేలి చప్పుడు. తర్వాత గొంతు, బస్టాండు గొంతు, మా ఇంటి గొంతు.

"హలో, హలో. ఒరే, ఆ ఫ్యాను ఆపు. ఆ ఫ్యాను ఆపు. మూత కూడా పెట్టెయ్, రొద వస్తోంది."

వెనకనుంచి నా కేక. "ఉక్కపోతకి చచ్చిపోతారు అత్తయ్యా!"

"పోతే పోనీ. గొంతులో ఫ్యాను చప్పుడు ఉండకూడదు. ఆపరేషన్ అయ్యాక నాకుండేది ఈ ఒక్క గొంతే."

ఆ తర్వాత గరగర. పాత బస్టాండు యాంప్లిఫయర్ వేడెక్కినప్పుడు వచ్చేదని ఆవిడ నోటితో చేసి చూపించేవారే, అచ్చం అలాంటి గరగర. ఆపైన ఏమీ లేదు.

అత్తగారు ముందు తన గొంతు విని నవ్వారు. గరగర వినబడగానే నవ్వు ఆగిపోయింది. మూత బిగించిన కంప్యూటరు వైపు చూశారు. లేచి వెళ్ళి దాని మీద అరచెయ్యి పెట్టి చూశారు, పిల్లాడికి జ్వరం చూసినట్టు. మూలనున్న టేబుల్ ఫ్యాను వైపు చూశారు. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చెమటలు కక్కుతూ ఒక పెట్టెకి గాలి తగిలేలా చూసుకున్న మనిషి. తన గొంతు దాచే పెట్టెకి మాత్రం తానే గాలి ఆపించింది.

మెల్లగా వచ్చి కూర్చున్నారు. నడుం నిటారుగా పెట్టారు. నా వైపు తిరిగి పెదాలు కదిపారు, నిదానంగా, ఒక్కో మాటా విడదీసి. నాకు ప్రతి అక్షరం తెలిసింది.

"ఏమంటోంది?" అన్నాడు మా ఆయన. "తిడుతోందా?"

ఔను, తిడుతున్నారని చెప్పేద్దామనుకున్నాను. ఆ తిట్లు నాకు కంఠతా వచ్చు. ఒక పూటంతా ఆగకుండా చెప్పగలను. ఆయన అడిగిందీ అదే, ఫ్యాను సంగతి ఎత్తనని షాపు మెట్ల మీద నేను మాట కూడా ఇచ్చాను. కానీ ఆవిడ నా కళ్ళల్లోకి చూస్తున్నారు. చీటీ మార్చి చదవద్దని ఆ చూపు.

"ప్రయాణికులకు గమనిక" అన్నాను. నా గొంతు మగ్గాల హాల్లో అరిచినట్టు వచ్చింది. "ఫ్యాను ఆపమన్నది నేను. వాడు కాదు."

మా ఆయన బిగుసుకుపోయాడు. అత్తగారు మొహం చిట్లించి, అరచెయ్యి కిందికి ఊపారు, అంత అరుపు వద్దన్నట్టు. తర్వాత రెండు వేళ్ళు చూపించారు.

నేను గుక్క తిప్పుకున్నాను. ఈసారి ఆవిడ చదివినట్టే చదవడానికి ప్రయత్నించాను. మెల్లగా, మాటకీ మాటకీ మధ్య కాస్త ఆగుతూ. ఆవిడ పెదాలు నాతోపాటు కదులుతున్నాయి.

"ప్రయాణికులకు గమనిక. ఫ్యాను ఆపమన్నది నేను. వాడు కాదు."

మా ఆయన నా వైపు తిరగనే లేదు. వాళ్ళమ్మ మొహంలోకే చూస్తూ, "సరేనమ్మా" అన్నాడు.